అతుకు అమ్మమ్మ వేలికి తెలియకూడదు

తొమ్మిది పువ్వులు పట్టుకెళ్లాను. తొమ్మిదీ ఫెయిలయ్యాయి.

శనివారం పొద్దున్నే నరసాపురం స్టేషన్లో దిగి, ఆటోలో అమ్మమ్మ ఇంటికెళ్లి, కాఫీ కూడా తాగకముందే బ్యాగులోంచి కవరు తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. అందులో నేను హైదరాబాద్‌లో నెల రోజులపాటు రాత్రిళ్లు కూర్చుని అల్లిన క్రోషే పువ్వులున్నాయి. మధ్యలో నీలం, చుట్టూ తెలుపు. ఫోన్లో ఫొటో తీస్తే భలే ఉన్నాయి. ఆఫీసులో చూపిస్తే ‘నువ్వేనా చేసింది!’ అన్నారు.

అమ్మమ్మకి ఫొటోలతో పనిలేదు. గ్లకోమాతో ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి వెలుగూ, మనిషి ఆకారమూ తెలుస్తాయి గానీ దారం పోగు కనబడదు. ఆవిడ ఒక పువ్వు తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పింది. ఒకచోట వేళ్లు ఆగాయి.

“ఇక్కడ ముడేశావు.”

రెండోది తీసింది. “ఇక్కడా ముడే.”

మూడోది. “దీనికి ముడి లేదు గానీ తోక మొదలుకంటా కత్తిరించేశావు. రెండు ఉతుకులకి ఊడొస్తుంది.”

అలా తొమ్మిదీ చూసి, మళ్లీ కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. “విప్పెయ్ నాన్నా. దారం మాత్రం పారెయ్యకు.”

ఇంతకీ ఈ గొడవంతా ఎందుకంటే

అమ్మమ్మ నా పెళ్లికని ఒక మంచం దుప్పటి మొదలెట్టింది. 120 పువ్వులు విడివిడిగా అల్లి, చివర్లో ఒకదానికొకటి కలపాలి. 71 అయ్యేసరికి కళ్లు సహకరించడం మానేశాయి. ఆ 71 పువ్వులూ పాత చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేసింది. నా పెళ్లీ అవ్వలేదు, దుప్పటీ అవ్వలేదు.

మిగతా 49 నేను పూర్తిచేస్తానని పోయిన సంక్రాంతికి మాటిచ్చాను. వీడియోలు చూస్తే వచ్చేస్తుందనుకున్నాను. తెల్ల దారమే కదా, కొంటే సరిపోతుందనుకున్నాను. రెండూ తప్పే.

దారం సంగతే ముందు చెబుతాను. పెట్టెలో ఉన్న పువ్వులు ఇప్పుడు తెల్లగా లేవు, మీగడ రంగుకి తిరిగాయి. బజార్లో అదే కంపెనీ, అదే నంబరు దారం తెచ్చి పక్కన పెడితే పాలూ, మజ్జిగా పక్కపక్కన పోసినట్టుంది. కాలంతో రంగు మారడం ఒకటైతే, దారానికి రంగు వేసే బ్యాచ్ మారినా కొద్దిపాటి తేడా వస్తుందట. అందుకే దారం ఉండ మీద లాట్ నంబరు అని ఒకటి ఉంటుంది. పెద్ద పని మొదలెట్టేటప్పుడు ఒకే లాట్ దారం ఒకేసారి కొనాలి. ఇది నాకు దారం కొన్నాక తెలిసింది.

దీనికి దారి చూపించింది అమ్మమ్మే. “తెలుపు పక్కన ఇంకో తెలుపు పెడితే దొంగతనం చేసినట్టుంటుందిరా. వేరే రంగే వెయ్యి. కావాలనే వేశారనుకుంటారు,” అంది. పెట్టెలో పాత దారం కండెలు కొన్ని మిగిలాయి. 49 పువ్వులకి అవి చాలవు. కానీ ప్రతి పువ్వుకీ చివరి వరస ఒక్కటీ అల్లడానికి సరిపోతాయి. కాబట్టి లోపలంతా నీలం, అంచు మాత్రం పాత మీగడ తెలుపు. అప్పుడు ఏ పువ్వు పక్కన ఏ పువ్వు కలిపినా అంచుకి అంచు ఒకే రంగులో ఉంటుంది.

ప్లాన్ బాగుంది. కాకపోతే ప్రతి పువ్వులో రంగు ఒకసారి మారాలి. నేను లెక్కేశాను: పువ్వుకి నీలం దారం తోకలు రెండు, తెలుపు తోకలు రెండు. 49 పువ్వులకి 196 తోకలు. ఒక్కటి సరిగ్గా దాచకపోయినా దుప్పటి అక్కడి నుంచే విడిపోవడం మొదలెడుతుంది.

లేసు ఊరు

నరసాపురం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. గోదావరి పాయల్లో ఒకటైన వశిష్ఠ ఈ ఊరిని ఒరుసుకుంటూ వెళ్లి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. రైలు పట్టాలు ఇక్కడితో ఆఖరు. నది దాటి కోనసీమ వైపు సఖినేటిపల్లి వెళ్లాలంటే రేవులో పంటు ఎక్కాలి. మనుషులూ, బైకులూ, కార్లూ అన్నీ దాని మీదే.

ఆ రేవు దగ్గరున్న మాధవాయిపాలెం పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పేరు ఇంగ్లిషు డిక్షనరీలో కూడా ఉందని ఈమధ్యే తెలిసింది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇంగ్లిషువాళ్లు ఇక్కడ బట్టల ఫ్యాక్టరీ పెట్టారు. ఇక్కడి నుంచి వెళ్లిన మెత్తటి నూలు బట్టకి ఊరి పేరే పెట్టి ‘మదపోలం’ అన్నారు. మన నోట్లో మాధవాయిపాలెం, వాళ్ల నోట్లో మదపోలం.

లేసు ఆ తర్వాత వచ్చింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతపు ఆడవాళ్లకి లేసు అల్లడం నేర్పారు. అది ఇక్కడే పాతుకుపోయి, చుట్టుపక్కల పల్లెలకి పాకి, విదేశాలకి ఎగుమతయ్యే వ్యాపారమైంది. రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది.

పని ఎలా నడుస్తుందో అమ్మమ్మ నోటే వినాలి. ఏజెంటు ఇంటికొచ్చి దారం ఇచ్చేవాడు. అల్లినది తీసుకెళ్లేవాడు. వాడిన దారం లెక్కన కూలీ. కొందరు పువ్వులు అల్లితే, వాటిని కలిపి పెద్ద పీసుగా చేసే పని ఇంకొందరిది. దాన్ని అతుకుపని అంటారు. ఎక్కడైనా ముడి కనబడితే పీసు వెనక్కొచ్చేది.

“విప్పి మళ్లీ కుట్టేవాళ్లం. విప్పినదానికి కూలీ ఏముంటుంది?” అంది అమ్మమ్మ. ఆవిడ వేళ్లకి ముడి ఎందుకు అంత తొందరగా తెలిసిపోతుందో అప్పుడర్థమైంది.

వరండాలో క్లాసు

కాఫీ, ఇడ్లీ అయ్యాక వరండాలో చాప వేశారు. లేసు సూది అంటారు గానీ అది సూది కాదు, కొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న ఇనప పుల్ల. అమ్మమ్మ తన పాతది నాకిచ్చింది. పట్టుకునేచోట అరిగి నున్నగా అయిపోయింది.

పక్కింటి పిన్నిగారొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. “మగపిల్లాడివి, నీకెందుకు బాబూ ఈ పని? ఇంజినీరువి కదా?” అన్నారు నవ్వుతూ. వెటకారమేం లేదు. ఈ ఊళ్లో మగాళ్లు లేసు అమ్ముతారు, ఎగుమతి చేస్తారు. అల్లడం మాత్రం ఆడవాళ్ల పని. అలా నవ్వుతూనే పిన్నిగారు నా పక్కన కూర్చున్నారు. అమ్మమ్మ చెబుతుంటే చేసి చూపించింది ఆవిడే.

నేను నేర్చుకున్నది వరసగా రాస్తాను. క్రోషే పట్టుకున్నవాళ్లకి పనికొస్తుంది.

ఒకటి: రంగు ఒక అడుగు ముందే మారాలి. నేను నీలంతో కుట్టు పూర్తిచేసి, తర్వాత తెలుపు మొదలెట్టేవాడిని. వినడానికి కరెక్టే. కానీ ఒక కుట్టు పూర్తయ్యాక కొక్కెం మీద ఒక లూపు మిగులుతుంది. అది తర్వాతి కుట్టుకి నెత్తి అవుతుంది. అంటే నీలంతో ముగిస్తే, తెల్ల కుట్టు నెత్తిన నీలం టోపీ పడుతుంది. నా తొమ్మిది పువ్వుల్లోనూ ఆ నీలం చుక్క ఉంది.

సింగిల్ క్రోషేలో కొక్కెం గుచ్చి దారం లాగాక కొక్కెం మీద రెండు లూపులుంటాయి. అక్కడ ఆగి, పాత దారం వదిలేసి, కొత్త రంగు కొక్కేనికి తగిలించి ఆ రెంటిలోంచీ లాగాలి. డబుల్ క్రోషేలో అయితే చివరి రెండు లూపులు మిగిలినప్పుడు మార్చాలి. నాలాగా గుండ్రంగా అల్లేవాళ్లు, వరసని మూసే స్లిప్ స్టిచ్‌నే కొత్త రంగుతో లాగాలి. అంతే, టోపీ మాయం.

రెండు: ముడి వద్దు. లేసు దారం నున్నటి నూలు. ముడి జారుతుంది, లేదా గట్టిగా ఉండి ఈ పక్కకి పొడుచుకొస్తుంది. ఉన్ని దారమైతే రెండు కొసలూ తడిపి అరచేతుల మధ్య రుద్దితే అతుక్కుంటాయి. వీడియోల్లో చూసి నేనూ నూలుతో ప్రయత్నించాను. చేతులు వేడెక్కాయంతే. నూలు అతుక్కోదు.

మూడు: తోక పొడుగ్గా ఉంచాలి. అమ్మమ్మ కొలత అర జానెడు. పొదుపని పొట్టిగా కత్తిరిస్తే దాచడానికి దారం చాలదు.

నాలుగు: దాచేటప్పుడు ఒకే వైపు వెళ్లకూడదు. మొద్దు కొన ఉన్న సూదికి తోక ఎక్కించి, వెనకపక్క కుట్ల కిందుగా ఒక వైపు తీసుకెళ్లాలి. అక్కడ ఒక పోగు వదిలిపెట్టి, వెనక్కి తిరిగి రావాలి. మళ్లీ ఒకసారి ముందుకి. ఒకే వైపు వెళ్లిన దారం బట్ట సాగినప్పుడు అదే వైపు జారిపోతుంది. తిరిగొచ్చిన దారం తనని తనే పట్టుకుంటుంది.

అయిదు: ఎవరింట్లో వాళ్లే ఉండాలి. ఇది అమ్మమ్మ మాట. నీలం తోక నీలం కుట్లలోనే దాచాలి, తెలుపు తోక తెలుపులోనే. నీలాన్ని తెలుపు కింద దాస్తే నీడలా కనబడుతుంది. పైగా రెండు తోకలూ చెరో దిక్కుకీ వెళ్లాలి. ఒకే దిక్కుకి వెళ్తే అక్కడ లావెక్కిపోయి వేలికి దొరికిపోతుంది.

ఆరు: కొత్త రంగుని నమ్మకూడదు. నీలం, ఎరుపు లాంటి ముదురు రంగుల ముక్క ఒకటి తడిపి తెల్ల బట్టలో నొక్కి చూడాలి. రంగు దిగితే ఆ దారం తెలుపు పక్కన పెట్టకూడదు. నా నీలం ఈ పరీక్ష పాసైంది. ఆ ఒక్కటే పాసైంది లెండి.

మధ్యాహ్నానికి ఒక పువ్వు అయింది. గంటా నలభై నిమిషాలు పట్టింది. చూపున్న రోజుల్లో పువ్వుకి ఎంతసేపు పట్టేదని అడిగాను. అమ్మమ్మ ఆలోచించి, “కుక్కర్ దింపేలోపు ఒకటి అయిపోయేది,” అంది.

ఫారంలో నేను రాసిన మాట

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో ఈ ఊరి లేసు గురించి వెతుకుతుంటే ఒక పుస్తకం కనిపించింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడి లేసు పనివాళ్ల మీద పరిశోధన చేసి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అని ప్రచురించారు. ఆవిడ చెప్పిన ముఖ్యమైన సంగతి ఇది: ఈ ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్ కోసం గంటల తరబడి పనిచేస్తున్నారు. అయినా వాళ్లని ఎవరూ పనివాళ్లు అనడంలేదు. గృహిణులు అంటున్నారు. లేసుని ఖాళీ టైములో చేసే కాలక్షేపం అంటున్నారు. పేరు అలా ఉంది కాబట్టే కూలీ కూడా అలాగే ఉంది.

అది చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

రెండేళ్ల క్రితం అమ్మమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. రిజిస్ట్రేషన్ ఫారం నింపింది నేనే. పేరు, వయసు, అడ్రసు, ఆ తర్వాత వృత్తి. నేను ఒక్క సెకను కూడా ఆలోచించకుండా ‘గృహిణి’ అని రాశాను. పక్కనే కుర్చీలో కూర్చున్న మనిషి నలభై ఏళ్లు దీపం దగ్గరా, బల్బు దగ్గరా, కిటికీ దగ్గరా కూర్చుని సన్నటి దారం మీద కళ్లు పెట్టిన మనిషి. మా అమ్మ డిగ్రీ ఫీజు ఆ దారంలోంచే వచ్చింది. మా అమ్మ చదువుకోబట్టే నేను ఇంజినీరింగ్ చదివాను.

గ్లకోమా లేసువల్ల రాలేదని డాక్టరుగారు అప్పుడే చెప్పారు. నేను బాధపడింది జబ్బు గురించి కాదు. అడిగిన ఒక్క గడిలో నేను రాసిన ఒక్క మాట గురించి.

సాయంత్రం ఆవిడ లేచాక అడిగాను. “అమ్మమ్మా, ఎవరైనా నువ్వేం పని చేస్తావంటే ఏం చెప్పేదానివి?”

“ఎవరడిగారు?” అంది. ఎదురు ప్రశ్న కాదది. నిజంగానే ఎవరూ అడగలేదు.

పంటు మీద

ఆదివారం పొద్దున ఇద్దరం రేవుకెళ్లాం. అమ్మమ్మకి గోదావరి గాలి కావాలంది. పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్లి, దిగకుండా అదే పంటులో వెనక్కొచ్చేద్దామని ప్లాను. బైకుల మధ్య రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. ఇంజిన్ చప్పుడు, డీజిల్ వాసన, చేపల బుట్టలు. సముద్రం దగ్గరే కాబట్టి నది ఇక్కడ బాగా వెడల్పు.

నా జేబులో నిన్నటి నుంచీ అల్లిన నాలుగు పువ్వులున్నాయి. ఊరికే ఉండలేక తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

మొదటిది తిప్పింది. ఆగలేదు. మళ్లీ తిప్పింది. “ఎక్కడ మార్చావు?” అని అడిగింది.

నేను చెప్పలేదు. చెప్పకూడదనిపించింది.

రెండోదీ ఆగలేదు. మూడోదాని దగ్గర వేలు ఆగింది. “తోకలు రెండూ ఒకే వైపు పోనిచ్చావు.” నిజమే. నిద్రమత్తులో చేసిన పువ్వది. నాలుగోది బాగుందంది గానీ, వరస మొదలెట్టినచోటే ప్రతిసారీ రంగు కలపొద్దంది. “నీలం పూర్తిగా ముగించి కత్తిరించెయ్. తెలుపు అవతలి వైపు నుంచి మొదలెట్టు. అన్ని అతుకులూ ఒకేచోట పడితే ఆ పక్క బరువు లాగుతుంది.”

అంటే ఇంకో పాఠం. రెండు పాసు, ఒకటి ఫెయిలు, ఒకటి గ్రేసు మార్కులు.

సఖినేటిపల్లి ఒడ్డున జనం దిగారు, జనం ఎక్కారు. వెనక్కొస్తుంటే అమ్మమ్మ తనంతట తనే మాట్లాడింది. ఏజెంటుకిచ్చిన దుప్పట్లు, టేబుల్ క్లాతులు, కుర్చీ కవర్లు ఎన్ని చేసిందో లెక్కలేదట. ఒక్కటీ పరిచి ఉండగా చూడలేదట. ముక్కలుగా వెళ్లిపోయేవి. ఎవరో అతికేవారు. ఎక్కడో ఏ దేశంలోనో ఎవరి మంచం మీదో ఉండేవి.

“అందుకే నీకు మొదలెట్టాను. ఇదైతే పరిచి చూసుకోవచ్చని.” కాస్త ఆగి, “ఇప్పుడు చూడలేనులే. పరిస్తే చెయ్యేసి తడుముతాను,” అంది.

నా దగ్గర జవాబు లేదు. పంటు ఒడ్డుకి తగిలి చిన్న కుదుపు ఇచ్చింది. ఆవిడ భుజం పట్టుకున్నాను.

ఇంకా 26

ఆ రాత్రి రైలెక్కేముందు మరో రెండు పువ్వులు పూర్తిచేశాను. మూడోది విప్పి మళ్లీ అల్లాను. దానికీ కూలీ లేదని పిన్నిగారు నవ్వారు. వచ్చేటప్పుడు అమ్మమ్మ పాత దారం కండెలన్నీ నా బ్యాగులో సర్దించింది. తన కొక్కెం కూడా ఇచ్చేసింది. “నా దగ్గరుండి ఏం చేస్తుంది?” అంది.

హైదరాబాద్ వచ్చాక రోజూ రాత్రి ఒకటి చెయ్యాలనుకున్నాను. రిలీజులు, కాల్సు మధ్య అది కుదరదు. అయినా ఇప్పటికి మరో 17 అయ్యాయి. మొత్తం 23. ఇంకా 26 ఉన్నాయి. ఒక పువ్వుకి ఇప్పుడు యాభై నిమిషాలు పడుతోంది. కుక్కర్ దింపేలోపు మాత్రం నా వల్ల కాదు.

పూర్తయిన ప్రతి పువ్వునీ కళ్లు మూసుకుని వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూస్తున్నాను. నా వేలికి తెలిస్తే అమ్మమ్మ వేలికి తెలియకుండా ఉండదు. నీలం దారం మాత్రం ఈసారి ఒకే లాట్ నంబరుది, అవసరానికి రెండు ఉండలు ఎక్కువే కొన్నాను.

మీ ఇంట్లో కూడా ఏ బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో సగంలో ఆగిపోయిన లేసు ముక్క ఉండొచ్చు. దాని రంగు దొరకదని ఆగిపోకండి. వేరే రంగు తెచ్చుకోండి. అల్లినవాళ్లు ఇంకా ఉంటే ఒకసారి వాళ్ల పక్కన కూర్చోండి. వీడియోలో వేళ్లు కనబడతాయి గానీ, తప్పు ఎక్కడుందో చెప్పే వేళ్లు అందులో ఉండవు.

వచ్చే నెల అమ్మమ్మకి కంటి చెకప్ ఉంది. ఈసారి వేరే ఆసుపత్రికి వెళ్తున్నాం, కాబట్టి మళ్లీ కొత్త ఫారం నింపాలి. అందులోనూ వృత్తి అని ఒక గడి ఉంటుంది. అక్కడ ‘లేసు పని, నలభై ఏళ్లు’ అని రాస్తాను.